గాలిలో ఆగిన డబ్బా

మొన్న పక్కింటి అమ్మాయిని కాలేజీ దగ్గర దింపుదామని నా కారులో ఎక్కించుకున్నాను. నయా రాయపూర్ రోడ్ల మీద ఎంత దూరం పోయినా మనిషి కనపడడు. ఆ ఖాళీలో ఆమె ఫోను టింగుమంది. వెంటనే కిటికీలోంచి రోడ్డును ఒక ఫొటో తీసింది, స్టీరింగు దగ్గరున్న నన్ను ఇంకో ఫొటో తీసింది. రెండూ ఎవరికో పంపింది.

"నన్నెందుకమ్మా తీశావు?" అన్నాను.

"ఎవరితో వెళ్తున్నానో చూపించాలి ఆంటీ. లేకపోతే కంగారు పడతాడు," అని నవ్వింది. "అతనికి జాగ్రత్త ఎక్కువ."

సరిగ్గా అలాంటి నవ్వే ఒకప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్ళందరి ముఖాల మీదా చూశాను. నా ముఖం మీద తప్ప.

నేను దేన్నీ మరిచిపోయే మనిషిని కాను. "దీని కడుపులో ఆవకాయ జాడీ ఉంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఊరతాది," అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఊరనివ్వండి. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోకపోతే అన్యాయం చేసినవాళ్ళే కథ చెప్పుకుంటూ తిరుగుతారు.

రాయపూర్‌లో మాది రైల్వే కాలనీ. గూడ్సు డబ్బాలు బాగుచేసే పెద్ద కార్ఖానా చుట్టూ కట్టిన క్వార్టర్లు. ఆ కార్ఖానాని మేమంతా షాపు అనేవాళ్ళం. పొద్దున్న షాపు భోంపూ కూసిందంటే వరసలు వరసలుగా సైకిళ్ళు గేటు వైపు కదిలేవి. సాయంత్రం కూసిందంటే ఇళ్ళలో టీ గిన్నెలు పొయ్యెక్కేవి. మా క్వార్టర్ల వరసలో సగం మంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళం. వెనక వరసలో ఛత్తీస్‌గఢీ వాళ్ళు. వాళ్ళ చీలా పెనం వాసన మా ఇంట్లోకి వచ్చేది. అది బియ్యప్పిండి అట్టు, పచ్చిమిర్చి వేసి కాల్చేవారు, నోరూరేది. మా ఎండు నెత్తళ్ళ వేపుడు వాసన వాళ్ళింట్లోకి వెళ్ళేది. వాళ్ళు దబాలున కిటికీ మూసేవారు. ఆ చప్పుడు కూడా నాకు గుర్తే. ఈ వాసనలన్నిటి మీదా దుప్పటి కప్పినట్టు షాపు వాసన ఉండేది: కాలిన రంగు, గ్రీజు, అప్పుడే కోసిన ఇనుము. నాన్న చొక్కాని అమ్మ ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన వదిలేది కాదు.

నాన్న షాపులో ఖలాసీ. ఇంట్లో ఆయన ఉన్నట్టే ఉండేది కాదు. పప్పులో ఉప్పు తక్కువైతే అడిగి వేయించుకోవడానికి కూడా మొహమాటపడేవాడు. ఆయన్ని పెంచింది మా అత్త, అంటే ఆయన అప్ప. తల్లి పోయిన తమ్ముణ్ణి, పెళ్ళయి రాయపూర్ వస్తూ తనతో రైలెక్కించుకుని తెచ్చుకుంది. ఆమె భర్త, మా మావయ్య, షాపులో మిస్త్రీ. నాన్నకి ఆ పనిలోకి దారి చూపించింది ఆయనే. అందుకని వాళ్ళింటికి వెళ్తే నాన్న కుర్చీలో కూర్చునేవాడు కాదు. అత్త మంచానికి ఆనుకుని నేల మీద కూర్చునేవాడు. అత్త మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన తల మీద చెయ్యి వేసేది. జుట్టు నెరుస్తున్న మనిషి ఆ చెయ్యి కింద పిల్లవాడిలా కళ్ళు మూసుకునేవాడు.

అత్తకి ఒక్కడే కొడుకు, నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. నేను పుట్టిన రోజే "నా కోడలు పుట్టింది" అని వరసంతా బెల్లం పంచిందట. అప్పుడు నన్నెవరూ అడగలేదు. పొత్తిళ్ళలో ఉన్నదాన్ని కాబట్టి అది వదిలేస్తాను. ఆ తర్వాత కూడా అడగకపోవడమే నా ఫిర్యాదు.

నేను పదో క్లాసుకి వచ్చేసరికి బావ ఐటీఐ ముగించి అదే షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. చేతికి కొత్త మొబైల్ వచ్చింది. మా ఇంట్లో ల్యాండ్‌లైను. నేను బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే అది మోగేది.

"బావే, మాటాడు," అని అమ్మ రిసీవర్ తెచ్చి నా చెవికి ఆనించేది.

"ఇప్పుడేనా రావడం? ఎవులితో వొచ్చేవు?"

"ఒక్కర్తినే."

"నవ్వుకుంటా వొచ్చేవంట. ఒక్కర్తివీ నవ్వుకుంటా వొచ్చేవా?"

అమ్మ పక్కనే నిలబడి ముసిముసిగా నవ్వేది. "అంత పట్టించుకునే మొగుడు దొరకడం ఎంత అదృష్టమే," అనేది.

నా సైకిలుకి బావ తన తాళం వేసి చెవి జేబులో పెట్టుకున్నాడు. ఆడపిల్ల సైకిలు తొక్కితే చూసేవాళ్ళు చూస్తారట. గుప్‌చుప్, అంటే పానీపూరీ, బండివాడి దగ్గరికి వెళ్తే, "మీ బావ నీకు పెట్టొద్దన్నాడు బిటియా," అని నా ముందే నా స్నేహితురాలి ఆకులో పూరీలు పెట్టాడు. ఆ పుదీనా నీళ్ళ వాసన పీలుస్తూ నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఒంటి జడ వద్దన్నాడు, రెండు జడలు మడిచి కట్టమన్నాడు. వెనక వరసలో ఉండే ఆ స్నేహితురాలితో తిరగొద్దన్నాడు, ఆమెకి అన్న ఉన్నాడు కాబట్టి.

ఇవన్నీ ఒక ఎత్తు, నాన్న అన్న మాట ఒక ఎత్తు. పది తర్వాత లెక్కలూ సైన్సూ చదవాలని నా కోరిక. ఆ బడి పట్టాలకు అవతల, ఊళ్ళో ఉంది. స్నేహితురాలు అక్కడే చేరతానంటోంది. నాన్న పెరట్లో తన సైకిలు గొలుసుకి నూనె వేస్తుంటే దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయన తలెత్తలేదు.

"బావని అడిగీ," అన్నాడు.

కన్నతండ్రి తన కూతురి చదువు గురించి పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి అడగమన్నాడు. ఆ మాటకి ఇన్నేళ్ళలో తుప్పు పట్టలేదు.

వినాయక చవితి నాడు అత్త మా ఇంటికి వచ్చి ఉండ్రాళ్ళు తింటూ కబురు చెప్పేసింది. "దసరాకి తాంబూలాలు పుచ్చీసుకుందారి తమ్ముడూ. ఈ ఏడు పదయిపోతాది, అక్కడితో సాలు. సదువుకున్న కోడలు నా ఇంట్లో ఏటి సేస్తాది, గోడలకి పాటం సెప్తాదా?"

అందరూ నవ్వారు. నాన్న కూడా చిన్నగా నవ్వాడు. నేను పళ్ళెంలో ఉండ్రాయిని వేలితో నొక్కి చదును చేశాను. దసరాకి ఇంకా నెలా వారమే ఉంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే విశ్వకర్మ పూజ వచ్చింది.

ఏడాదికి ఆ ఒక్కరోజు షాపు గేట్లు ఇంట్లోవాళ్ళకి తెరిచేవారు. అంతకుముందు కూడా వెళ్ళాను కానీ, ప్రసాదం చేతిలో పడగానే అత్త "ఎండ" అంటూ నన్ను ఇంటికి లాక్కొచ్చేసేది. అసలు చూడవలసింది చూడనివ్వలేదన్నమాట. ఆ ఏడు అత్తకి మోకాళ్ళ నొప్పి. నేను స్నేహితురాలి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళాను.

అంత పెద్ద కప్పు నేనెక్కడా చూడలేదు. పైన ఎక్కడో రేకుల సందుల్లోంచి వెలుతురు నిలువుగా దిగుతోంది. ఆ వెలుతురులో పావురాళ్ళు చీమల్లా కనపడ్డాయి. నేల మీద రైలు పట్టాలు ఇంట్లోకి వచ్చేసినట్టు లోపలికంటా వచ్చాయి. వాటి మీద డబ్బాలు, కొన్ని తలుపులు ఊడినవి, కొన్ని రంగు గీకినవి, కొన్ని కొత్త పెళ్ళికూతుళ్ళలా ఎర్రగా. ప్రతి యంత్రానికీ బంతిపూల దండ. సుత్తులు, రెంచీలు పసుపు కుంకుమ పెట్టించుకుని అరిటాకుల మీద వరసగా పడుకున్నాయి. ఆ రోజు వాటిని ఎవరూ ముట్టుకోరు. నాకు గుళ్ళో కూడా రాని భయభక్తులు అక్కడ కలిగాయి. చెప్పులు విప్పేయాలనిపించింది. విప్పితే కాలికి ఇనపరజను గుచ్చుకుంటుందని స్నేహితురాలు ఆపింది.

హారతి అయ్యాక పిల్లల కోసం క్రేను ఒక్కసారి నడిపి చూపడం ఆ షాపులో అలవాటు. అందరినీ పచ్చగీత వెనక నిలబెట్టారు. గీత అవతల, ఖాళీ నేల నడిమధ్య, ఉతికిన ఖాకీ బట్టల్లో ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. మెడలో ఈల ఉంది. ఆ నిలబడ్డ తీరు చూసి ఎవరో పెద్ద సాహెబు అనుకున్నాను.

ఆయన మా నాన్న.

క్రేను నడిపేవాడు కప్పు కింద చిన్న గదిలో కూర్చుంటాడు. కింద మాటలేవీ అతనికి వినపడవు. అతనికి తెలిసిందల్లా నాన్న చెయ్యి. నాన్న ఈల ఊది, చెయ్యి చాచి, వేలు పైకెత్తి గాలిలో చిన్న సున్నా చుట్టాడు. పైన ఎక్కడో ఒక మూలుగు వినిపించింది. గొలుసులు బిగిశాయి. ఇల్లంత డబ్బా తన చక్రాలను పట్టాల మీదే వదిలేసి పైకి లేచింది. ఉప్పు అడగడానికి మొహమాటపడే మనిషి వేలు తిప్పితే అంత ఇనుము లేచింది. ఆయన అరచెయ్యి కొంచెం పక్కకి వంచితే అది పక్కకి జరిగింది. వేళ్ళు నెమ్మదిగా ముడిస్తే నెమ్మదించింది.

"తోర్ బాబూ ఉఠావత్ హే కా ఓ?" అంది స్నేహితురాలు నోరు తెరిచి. ఎత్తేది మీ నాన్నేనా అని.

"హవ్," అన్నాను. అవునని ఒక్క మాట.

వెనక నుంచి ఆమె అన్న బూందీ దొన్నె అందిస్తూ, "తిను తిను, లేకపోతే మీ నాన్న నిన్ను కూడా ఎత్తి గేటు బయట పెట్టిస్తాడు," అని హిందీలో హాస్యమాడాడు. నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను.

అప్రెంటిస్ కుర్రాళ్ళు డబ్బాకి అవతలి వైపు నిలబడ్డారు. వాళ్ళలోంచి బావ నన్ను చూశాడు. చుట్టూ తిరిగి రావచ్చు. కానీ అతని కంటికి నేనూ, ఆ దొన్నే, ఆ అబ్బాయీ తప్ప ఏమీ కనపడలేదు. గీత దాటి, వేలాడుతున్న డబ్బా కిందనుంచే సూటిగా నడిచి వచ్చేశాడు. నా మణికట్టు పట్టుకున్నాడు. దొన్నె కిందపడి బూందీ చెల్లాచెదురైంది.

"నవ్వింది సాలు. ఇంటికి నడు," అంటూ వచ్చిన దారినే నన్ను లాగాడు. నేను కాళ్ళు తన్నిపెట్టాను. ఒక అడుగు గీత దాటాను, ఇంకో అడుగు పడింది. నెత్తి మీద నీడ పడింది.

ఈల మోగింది. నాన్న రెండు చేతులూ బార్లా చాచాడు.

క్రేను ఆగింది. డబ్బా గాలిలో ఆగి, గొలుసుల మీద కిర్రుమంటూ కొంచెం ఊగింది. నాన్న చేతులు దించకుండానే మా వైపు చూశాడు.

"సెయ్యి ఒదిలీ," అన్నాడు.

"ఇది మనింటి మాట మావా," అన్నాడు బావ.

"ఇది ఇల్లు కాదు."

వేలాడే డబ్బా కింద నడవకూడదన్నది షాపులో చేరినవాడికి మొదటి రోజే చెప్పే మాట. డబ్బా గాలిలో ఉన్నంతసేపూ చేత్తో ఇషారా ఇచ్చేవాడి మాటే మాట. పెద్ద సాహెబు కూడా నోరెత్తడు. ఇవి నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు కనపడింది ఏమిటంటే, సాహెబులూ వాళ్ళ భార్యలూ కుర్చీల్లో కదలకుండా కూర్చున్నారు. మావయ్య ముందుకి రాబోయి, నాన్న చేతులు చూసి ఆగిపోయాడు. తనకి బతుకు చూపించిన ఆ మావయ్యతో నాన్న అందరి ముందూ హిందీలో అన్నాడు:

"మిస్త్రీజీ, మీ అబ్బాయిని గీత వెనక నిలబెట్టండి. అంతవరకూ డబ్బా దిగదు."

అంత బరువూ మా పైన అలాగే నిలబడి ఉంది. నాన్న చేతులు దించలేదు. పైన గదిలోంచి క్రేను మనిషి తొంగి చూస్తూ నాన్న చేతి కోసమే ఎదురుచూస్తున్నాడు. నా మణికట్టు మీద బావ వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. అతను గీత వెనక్కి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. అప్పుడు నాన్న చూపు మళ్ళీ పైకి వెళ్ళింది. అరచెయ్యి పక్కకి వంచి డబ్బాని దాని చక్రాల పైకి తెచ్చి, నేలవైపు తిప్పి నెమ్మదిగా దించాడు. డబ్బా తన చక్రాల మీద చప్పుడు లేకుండా కూర్చుంది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు మాత్రం కొట్టాలనిపించింది.

సాయంత్రం అమ్మకి కబురు వచ్చింది. "మీ అప్ప ఇంట్లో అన్నం ముట్టలేదంట. కాళ్ళు పట్టుకునైనా సద్దీండి," అని నాన్న వెంట పడింది. నాన్న స్నానం చేసి, నన్ను కూడా రమ్మన్నాడు. క్షమాపణ చెప్పించడానికే తీసుకెళ్తున్నాడనుకున్నాను. చెప్పనని దారంతా పళ్ళు బిగించుకునే ఉన్నాను.

అత్తింట్లో ఆయన ఎప్పటిలాగే నేల మీద కూర్చున్నాడు. పొద్దున్న చూసిన మనిషి ఎక్కడికి పోయాడో అర్థం కాలేదు. అత్త ఆయన తల మీద చెయ్యి వెయ్యలేదు.

"నాను పెంచినోడివి. నా కొడుకుని కాలనీ అంతటి ముందూ దొంగనాగ నిలబెట్టీసేవు. తప్పయిపోయిందని ఆడితో ఒక్క మాట అనీ."

"అప్పా, డబ్బా కిందనుంచి వొచ్చీసేడు."

"వొస్తే? నీ కూతురు ఎవుడితోనో ఇకిలిస్తంటే సూస్తా కూకోవాలేటి?" అత్త మావయ్య వైపు తిరిగింది. "మీరు మాటాడరేటి?"

మావయ్య గొంతు సవరించుకున్నాడు. "డబ్బా కిందనుంచే వొచ్చేడే మనోడు..."

"డబ్బా, డబ్బా! మొగుడికీ డబ్బాయే, తమ్ముడికీ డబ్బాయే!"

లోపలి గదిలోంచి బావ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "దాని మంచికే కద మావా. ఎవుడైనా ఏదైనా అంటే పరువు పోయేది ఎవులికి?"

నాన్న అతని వైపు తిరిగాడు. "నువ్వు దాన్ని కాపాడ్డానికే వొచ్చేవు. నానొప్పుకుంటాను. ఆ బూందీ ఇచ్చిన గుంటణ్ణి సూసేవు. నెత్తి మీద డబ్బా సూడనేదు. దాన్ని ఆ కిందకే లాగేవు. కాపాడీవోడు అలా లాగుతాడేట్రా?"

బావ తల్లి వైపు చూశాడు. అత్త మంచం మీద నిటారుగా కూర్చుంది.

"ఇయ్యన్నీ నాకొద్దు. దసరాకి తాంబూలాలు ఉన్నాయా, నేవా?"

నాన్న నా చెయ్యి తీసుకుని దీపం వైపు తిప్పాడు. మణికట్టు చుట్టూ నాలుగు వేళ్ళ కమిలిన గుర్తులు. వాటి వైపు చూస్తూనే అన్నాడు.

"నేవు అప్పా. పిల్ల సదువుకుంటాది."

"అయితే నీకు అప్ప నేదు. ఎల్లిపో."

నాన్న లేచి, వంగి ఆమె పాదాలు ముట్టుకోబోయాడు. అత్త పాదాలు మంచం మీదకి లాక్కుంది.

తిరిగి వచ్చేటప్పుడు నేను సంతోషపడి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "సైకిలుకి తాళం వేసినప్పుడు ఎందుకు మాట్లాడలేదు?" అని నిలదీశాను. ఆయన మైదానం వైపు నడిచాడు. అక్కడ దసరా రావణుడికి వెదురు బద్దలు కడుతున్నారు.

"ఇంట్లో ఉండి సూస్తే అదంతా పేమనాగే అగుపించిందే," అన్నాడు. నాకు ఆ జవాబు అప్పుడు చాలలేదు. ఇప్పటికీ పూర్తిగా చాలదు. కానీ మర్నాడు భోంపూ కంటే ముందే లేచి, పెరట్లో రంపంతో నా సైకిలు తాళం కోసేశాడు. కోసిన ఇనుము వాసన ఇంట్లోకి వచ్చింది. నిద్రమంచం మీదే కళ్ళు మూసుకుని దాన్ని గుండెలనిండా పీల్చాను.

ఆ దసరాకి రావణుడు కాలుతుంటే స్నేహితురాలితో కలిసి చూశాను. తర్వాతి వేసవి దాటాక పట్టాల అవతలి బడికి సైకిలు మీద వెళ్ళాను. బావకి దుర్గ్ వైపు ఉద్యోగం వచ్చింది. అత్త మా వరసలోకి రావడం మానేసింది. బజారులో ఎదురైతే నన్ను చూసి ఉమ్మేది. అది నేను మరిచిపోలేదు, క్షమించలేదు, క్షమిస్తానని ఎవరికీ మాట ఇవ్వలేదు.

వానాకాలంలో రాఖీ వచ్చింది. మా ఊళ్ళవైపు లేని ఈ పండగని ఇక్కడి తెలుగువాళ్ళం ఎప్పుడో సొంతం చేసుకున్నాం. అత్త ఏటా నాన్నకి స్పాంజి పువ్వున్న పెద్ద రాఖీ కట్టేది. షాపులో మగవాళ్ళు వాటిని రంగు వెలిసి, గ్రీజు పట్టి, దారం తెగేదాకా ఉంచుకునేవారు. ఎవరి అక్క ఎంత పెద్దది కట్టిందో పోల్చుకుని వేళాకోళాలాడుకునేవారు.

ఆ పొద్దున నాన్న తలంటుకుని, కొత్త పంచె కట్టుకుని అత్త వాళ్ళ వరసకి వెళ్ళాడు. నేను మలుపు దగ్గర నిలబడి చూశాను. తలుపు కొట్టాడు. కిటికీ తెర కదిలింది. తలుపు తెరుచుకోలేదు. ఆయన ఇంకోసారి కొట్టలేదు, పిలవలేదు. తెచ్చిన మిఠాయి పొట్లం గుమ్మం ముందు పెట్టి వెనక్కి తిరిగాడు. నన్ను చూసి, "ఇక్కడేటి సేస్తన్నావు, బడికి టైమయిపోయింది," అన్నాడు. "నీ వల్ల" అనలేదు. ఆ రోజు అనలేదు, ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు. కళ్ళతో కూడా అనలేదు. నాకేం జరిగినా పదిమందికి చెప్పుకునే నేను, అంత పెద్ద మాటని ఒక మనిషి నోట్లో ఎలా దాచుకోగలడా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతూనే ఉన్నాను.

ఇంటికి వచ్చి పొట్టి చేతుల ఖాకీ చొక్కా పక్కన పెట్టేశాడు. పెట్టె అడుగు నుంచి పొడుగు చేతుల చొక్కా తీయమని అమ్మని అడిగాడు. ఉక్కపోతకి గోడలు కూడా చెమర్చే రోజులవి. అమ్మ దాన్ని దులిపి ఇచ్చింది. మణికట్ల దాకా బొత్తాలు పెట్టుకుని ఆయన షాపుకి వెళ్ళాడు. మిగతావాళ్ళ రాఖీలు వెలిసిపోయేదాకా అలాగే వెళ్ళాడు.